చెట్టెక్కి చెప్పవలెను

నేను దస్తావేజు లేఖరిని. ముప్పై ఒక్కేళ్లుగా మా ఊరి రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో అదే బల్ల, అదే కుర్చీ. నా పేరు ఓరుగంటి సోమశేఖరం అయినా ఆ పేరు పెట్టి పిలిచేది బ్యాంకువాళ్లు మాత్రమే. ఊరికి నేను రైటరు గారిని. నేను రాసిన కాగితం ఇంతవరకూ ఏ కోర్టులోనూ వీగిపోలేదు. ఈ సంగతి అడిగినవాళ్లకు ఒకసారి చెబుతాను, అడగనివాళ్లకు రెండుసార్లు చెబుతాను. ఈ కథ ముగిసేసరికి మీరు నన్ను చూసి నవ్వుకుంటారు. నవ్వుకోండి. మధ్యలో మాత్రం లేచి వెళ్లకండి, మధ్యలో మాట మార్చడం గురించే ఈ గొడవంతా.

పోయినేడు పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఫోను, ఇంటర్నెట్టు కంపెనీలు ఒప్పందం గడువు మధ్యలో ధర పెంచుకోవచ్చట. కాకపోతే పెంచుతామన్న సంగతిని ముందుగానే, ఖాతాదారుడి సొంత భాషలో, స్పష్టంగా ఒప్పందంలో రాయాలట. అంటే జేబు కొట్టడం తప్పు కాదు, కొట్టేముందు తెలుగులో చెప్పాలి. పెద్దలు ఏ ఏసీ గదిలో కూర్చుని ఆలోచించారో గానీ మంచి ఆలోచనే చేశారు.

మా ఊరికి ఇంటర్నెట్టు ఇచ్చేది మెరుపుతీగ అనే కంపెనీ ఒక్కటే. ఉత్తర్వు వచ్చిన వారానికి ఆ కంపెనీ ప్రాంతీయ అధికారి కౌశిక్ నా షెడ్డుకు వచ్చాడు. ముప్పై నాలుగేళ్ల మనిషి, మెడలో తాడుకు వేలాడే కార్డు, కార్డు మీద ‘ధరల ఎదుగుదల అధికారి’ అని హోదా. అరవై నాలుగు పేజీల ఇంగ్లీషు ఒప్పందాన్ని నా బల్ల మీద పెట్టి, సాయంత్రం నాలుగింటికల్లా దీని తాత్పర్యం తెలుగులో అయిదు పేజీల్లో కావాలన్నాడు.

వాళ్ల ఆఫీసు గోడ మీద ‘రెండేళ్లు ఒకటే ధర’ అని నిలువెత్తు అక్షరాలున్నాయి. మరి మధ్యలో పెంచుతామని ఒప్పందంలో ఎలా రాస్తారని అడిగాను. నాకు చదువు సరిపోలేదన్నట్టు జాలిగా చూశాడు.

“రెండేళ్లూ ధర ఒకటే ఉంటుంది రైటరు గారూ. అది ఎంత అనేది మారుతుంటుంది.”

ఇంకో షరతు కూడా పెట్టాడు. ‘పెంపు’ అనే మాట కాగితంలో ఎక్కడా రాకూడదు. కంపెనీ ఎప్పుడూ దేన్నీ పెంచదట, ధర దానంతటదే ఎదుగుతుందట. తాము దగ్గరుండి చూసుకుంటారంతే. నేను తల ఊపాను. మా వృత్తిలో తల ఊపడానికి వేరే రుసుము ఉండదు.

ఇప్పుడు మా పని ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి. దస్తావేజును ఎవరూ కొత్తగా రాయరు. పాతదాన్ని ముందు పెట్టుకుని పేర్లు, ఊళ్లు, తేదీలు మార్చుకుంటూ పోతారు. నాకు విద్య నేర్పిన మా మేనమామ పోతూపోతూ ఒక ట్రంకుపెట్టె నిండా నమూనాలు నాకు అప్పగించాడు. ఆ పెట్టె తీసి వెతికాను. ఇంటి అద్దె కాగితంలో మధ్యలో రేటు మారదు. పొలం కౌలులో మారదు. తాకట్టులో కూడా మారదు. గడువు మధ్యలో ధర మార్చుకోవచ్చని ఉన్న దస్తావేజు పెట్టె మొత్తానికి ఒకటే దొరికింది. అది కొబ్బరితోట దింపుల ఒప్పందం.

తోట ఉన్నాయన రెండేళ్లపాటు కాయ మొత్తం ఒకే వ్యాపారికి ఇస్తానని రాసిస్తాడు. నలభై అయిదు రోజులకోసారి కాయ దింపుతారు. కాయకు ఇంత అని రేటు ముందే అనుకుంటారు గానీ, మధ్యలో మార్చుకునే వీలు ఒకటి ఉంటుంది. నాకు కావలసింది అదే. తోట అన్నచోట కనెక్షన్ అని, వ్యాపారి అన్నచోట కంపెనీ అని, దింపు అన్నచోట నెల అని, కాయ అన్నచోట డేటా అని మార్చుకుంటూ మూడు పేజీలు దౌడు తీయించాను. అప్పటికి ఒంటిగంటయింది. ఇంటినుంచి క్యారేజీ వచ్చింది, అందులో పనసపొట్టు కూర ఉంది. తిన్నాక కళ్లు మూసుకుపోతుంటే మిగిలిన రెండు పేజీలూ నా చెయ్యి తన దారిన తాను రాసుకుపోయింది.

నాలుగింటికి కౌశిక్ వచ్చి పేజీలు లెక్కపెట్టాడు. అయిదున్నాయి. చాలా స్పష్టంగా ఉందని మెచ్చుకుని తొమ్మిదివేల ప్రతులు అచ్చు వేయించాడు.

అలా అచ్చయినవాటిలో ఒకదాని మీద పేరిందేవి సంతకం పెట్టింది. పేరిందేవి మా వీధి చివర ఉంటుంది, యాభై దాటిన మనిషి. పద్దెనిమిది మంది ఆడవాళ్లను కూడగట్టుకుని లేసు అల్లిస్తుంది. ఆ మధ్య ఒక బెంగుళూరు షావుకారు రెండువందల నలభై బల్లగుడ్డలు కావాలన్నాడు. రోజూ పదకొండు గంటలకు వీడియోలో ఒక్కొక్కరి అల్లికా చూపించాలి, ఆయన చూసి సరే అంటేనే ముందుకు సాగాలి, వరసగా మూడురోజులు కనబడకపోతే బేరం రద్దు. అందుకని ఇంటర్నెట్టు పెట్టించుకుంది. సంతకం పెట్టేముందు కాగితం పట్టుకుని నా దగ్గరకు వచ్చి ఒకే మాట అడిగింది.

“మధ్యలో మార్చరు కదండీ?”

“నేను రాసిందమ్మా, మారదు,” అన్నాను. నాకు నా రాత గురించి మాట్లాడటమే తెలుసు, ఆవిడ అడిగింది ధర గురించని తట్టలేదు.

నాలుగో నెలలో కంపెనీ నుంచి బుడగల బొమ్మలున్న ఉత్తరం వచ్చింది. ‘అభినందనలు. మీ ధర ఎదిగింది’ అని ఉంది. ఆరో నెలలో ఇంకోటి వచ్చింది. ‘మీ ధరకు ఆరు నెలలు నిండాయి’ అని, పక్కన వెండిగిన్నె ముందు కూర్చున్న పాపాయి బొమ్మ. ధరకు అన్నప్రాశన చేసిన కంపెనీని నేనెక్కడా వినలేదు. పాపాయి మాత్రం బాగా తింటున్నట్టే ఉంది, ధర నాలుగువందల తొంభైతొమ్మిది నుంచి ఎనిమిదివందలు దాటింది. పై నెల పన్నెండువందలకు ఎదగబోతోందని ఉత్తరంలోనే ముందస్తు శుభాకాంక్షలు కూడా చెప్పారు.

పేరిందేవి కంపెనీ ఆఫీసుకు వెళ్లి కనెక్షన్ వద్దని చెప్పిందట. మానేయడం ఆవిడ హక్కేనని, తాము ఖాతాదారుల స్వేచ్ఛను గౌరవిస్తామని కౌశిక్ కుర్చీ వేసి మరీ చెప్పాడట. కాకపోతే మిగిలిన పద్దెనిమిది నెలల డబ్బూ ఒకేసారి కట్టాలి, అదీ ఇప్పటి ధర ప్రకారం కాదు, అప్పటికి ఎదగబోయే ధర ప్రకారం.

అక్కణ్నుంచి సరాసరి నా షెడ్డుకు వచ్చింది. కేకలు వేస్తుందనుకున్నాను. వేసి ఉంటే బాగుండేది. సంచీలోంచి కాగితం తీసి బల్ల మీద పరిచి, బెంగుళూరాయనకు పని అయ్యేదాకా గుడ్డ రేటు పెంచనని తాను మాటిచ్చానని చెప్పింది. ఇంటర్నెట్టు పన్నెండువందలైతే ఆ తేడా ఆడవాళ్ల కూలిలోంచే తీయాలి. తీస్తే వాళ్లు మానేస్తారు, వాళ్లు మానేస్తే పదకొండింటికి చూపించడానికి ఏమీ ఉండదు. ఇదంతా నిదానంగా చెప్పి, ఆఖరున అంది.

“మారదని మీరన్నారు గదండీ.”

ముప్పై ఒక్కేళ్లలో నా బల్ల ముందు ఏడ్చినవాళ్లున్నారు, కొట్టుకున్నవాళ్లున్నారు. నా మాటను నాకే తిరిగి ఇచ్చినవాళ్లు లేరు. సిగ్గేసింది.

అప్పుడావిడ నాలుగో పేజీ తిప్పి వేలు పెట్టింది. లేసులో ఒక్క కన్ను తప్పినా పట్టుకునే మనిషి, కాగితాన్ని ముందురోజు సాయంత్రం ఆ చూపుతోనే చదివిందట. మరి ఇదేంటండీ రైటరు గారూ అంది. చదివాను. నా రాతే.

‘గడువు మధ్యకాలములో ధర మార్చదలచిన పక్షము వారు స్వయముగా ఎదుటి పక్షము వారి ఆవరణలోనికి వచ్చి, అందున్న కొబ్బరిచెట్టు ఎక్కి, కాయను కన్నారా చూచి, సదరు మారిన ధరను చెట్టుపైనుండియే నలుగురు వినునట్లు చెప్పవలెను. అట్లు చెప్పని ధర చెల్లనేరదు.’

పాతకాలంలో కొబ్బరి వ్యాపారులు తోట యజమాని అరుగు మీద కూర్చుని, ఆయన ఇచ్చిన కాఫీయే తాగుతూ, ఈసారి కాయ చిన్నదైపోయింది రేటు తగ్గించాలి అనేవాళ్లు. అరుగు మీద కూర్చుంటే కాయ సైజు ఎలా తెలిసిందయ్యా అని విసుగెత్తి ఎవరో ఈ షరతు పెట్టారు. చెట్టెక్కు, చూడు, అక్కడినుంచే చెప్పు. ఆ తరవాత కాయలు చిన్నవవడం చాలావరకు తగ్గిపోయిందని మా మేనమామ చెప్పేవాడు. ఆ షరతు ఇప్పుడు పనసపొట్టు కూర పుణ్యమా అని ఇంటర్నెట్టు ఒప్పందంలో, తొమ్మిదివేల ప్రతుల్లో కూర్చుంది.

“ఇది మీరు తెలిసే రాశారాండీ?” అని అడిగింది పేరిందేవి.

ఆవిడ నిలదీయడం లేదు. తెలుసుకుందామనే అడుగుతోంది. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. పక్క బల్ల రైటరు చెవులు రిక్కించి వింటున్నాడు, వాడికి నా మీద పదేళ్లుగా కన్ను. “తెలిసే రాశాను,” అన్నాను.

మర్నాడే ఆవిడ ‘ఒప్పందాల సమరస పరిష్కార మండలి’కి అర్జీ పెట్టింది. చెట్టెక్కకుండా చెప్పిన ధర చెల్లదని, నాలుగో పేజీ జతపరిచి, మూడే మూడు వాక్యాల్లో రాసింది. అంత శుభ్రమైన అర్జీ నేను కూడా రాయలేను.

కబురు కంపెనీకి చేరింది. నాలుగో పేజీ వాళ్లప్పుడే మొదటిసారి చదివారు. ఆ ఒప్పందం తప్పులతడక అని కొట్టిపారేయాలంటే పెద్ద చిక్కు ఉంది. మధ్యలో ధర మార్చుకునే హక్కు ఉన్నది కూడా ఆ వాక్యంలోనే. వాక్యం పోతే తొమ్మిదివేలమంది దగ్గరా హక్కు పోతుంది. వాక్యం ముందుసగం ఉండాలి, వెనకసగం పోవాలి. అందుకు ఒకటే మార్గం, రాసినవాడు పొరపాటున రాశానని ఒప్పుకోవడం.

కౌశిక్ స్వీటు డబ్బాతో నా షెడ్డుకు వచ్చాడు. పొరపాటు మానవసహజం అన్నాడు. మండలి ముందు ‘చేతి పొరపాటు’ అని ఒక్కమాట అంటే చాలు, వాళ్లు వెనకసగం కొట్టేస్తారు. పైగా కంపెనీ నన్ను ‘తెలుగు స్పష్టతా సలహాదారు’గా నియమిస్తుంది, కూర్చున్నచోటికే జీతం వస్తుంది. అనకపోతే ఇంటర్నెట్టులో కొబ్బరిచెట్టు పెట్టినవాడిగా జిల్లా అంతా నా పేరు చెప్పుకుని నవ్వుతుందని కూడా స్నేహపూర్వకంగా గుర్తుచేశాడు.

ఉన్నమాట చెప్పుకోవాలి. అతను అన్నది అక్షరాలా నిజం. అది పొరపాటే. ఆ నిజం చెబితే నాకు జీతం, పేరిందేవికి పన్నెండువందల బిల్లు. అబద్ధం చెబితే ఆవిడ బల్లగుడ్డలు నిలుస్తాయి, నేను నవ్వులపాలవుతాను. రెండురోజులు అన్నం సయించలేదు. మా ఆవిడ కూర బాగాలేదా అని అడిగితే, కూర వల్లే వచ్చింది తంటా అన్నాను. ఆవిడకు కోపం వచ్చింది, మూడోరోజు పచ్చడి మెతుకులే పెట్టింది.

విచారణ రోజున మండలి హాలు నిండిపోయింది. అధ్యక్షురాలు త్రిపురసుందరి గారు పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మాట్లాడితే ఫైలు చదివినట్టే ఉంటుంది. కౌశిక్ తన వాదనలో, సదరు వృక్ష ప్రస్తావన కంపెనీ దార్శనికతకు అనుగుణంగా లేదని, డిజిటల్ యుగంలో చెట్టు అనేది కాలం చెల్లిన వేదిక అని చెప్పాడు. ఆవిడ అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకుని నావైపు తిరిగారు.

“ప్రశ్న సూక్ష్మమైనది. ఇది లేఖన దోషమా, లేక లేఖక సంకల్పమా? లేఖకుడు స్వయంగా నివేదించవలసిందిగా మండలి ఆదేశిస్తున్నది.”

హాలులో ముందువరసలో పేరిందేవి కూర్చుని ఉంది. ఒళ్లో సగం అల్లిన బల్లగుడ్డ, చేతిలో సూది. నావైపు చూడటం కూడా లేదు, కన్ను వెనక కన్ను అల్లుకుంటూ పోతోంది. నేను చెప్పేది ఏదో ఆవిడకు ముందే తెలిసినట్టుంది. వెనక వరసలో పక్క బల్ల రైటరు నోరు సగం తెరుచుకుని కూర్చున్నాడు, నవ్వడానికి సిద్ధంగా.

“సంకల్పమేనండి,” అన్నాను. “ముప్పై ఒక్కేళ్లలో నేను తెలియక పెట్టిన పొల్లు కూడా లేదు.”

హాలంతా గొల్లున నవ్వింది. అధ్యక్షురాలు బల్ల మీద చరిచి, ఇంటర్నెట్టుకు కొబ్బరిచెట్టుతో ఏం సంబంధమో వివరించమన్నారు. నేను సిద్ధపడి రాలేదు. నోటికి వచ్చింది చెప్పాను. ధర మార్చేవాడికి ఏదో ఒక కష్టం ఉండాలండి, కూర్చున్నచోటు నుంచే మార్చగలిగితే రోజూ మారుస్తాడు, చెట్టెక్కాలంటే నిజంగా అవసరమైతేనే ఎక్కుతాడు అన్నాను. అన్నాక, మా మేనమామ చెప్పింది అదేనని, ముప్పై ఏళ్లుగా నమూనా రాస్తున్నా ఆ షరతు ఎందుకుందో ఆ క్షణందాకా నాకు తెలియలేదని తెలిసింది.

మండలి తీర్పు ఇచ్చింది. వాక్యం అవిభాజ్యమట. ముందుసగాన్ని అనుభవించే పక్షం వెనకసగాన్ని కూడా ఎక్కవలసిందేనట. ఇంతవరకు చెట్టెక్కకుండా ఎదిగిన ధరలన్నీ ఎదగనట్టే భావించాలి. ఇకమీదట ఎదుగుదల ప్రకటించే అధికారి ‘స్వయముగా’ ఎక్కాలి, కూలికి మనిషిని పెట్టకూడదు.

ఇంకొకరైతే ఇక్కడితో ఊరుకుందురు, ధర పెంచడం మానుకుందురు. పెద్ద కంపెనీలు అలా ఆలోచించవు. వారం తిరక్కుండానే మెరుపుతీగ ఆఫీసులో కొత్త బోర్డు వెలిసింది, ‘వృక్షారోహణ విభాగం’ అని.

మొదట స్టూలు మీద నిలబడి, చేత్తో కొబ్బరిమట్ట పట్టుకుని ధర చెప్పి చూశారు. మండలి పరిశీలకుడు ఒప్పుకోలేదు. తరవాత ఖాతాదారులకు ఫోన్లు చేశారు. ‘మేము ప్రస్తుతం చెట్టు మీద ఉన్నాము, మీ ధర వినడానికి ఒకటి నొక్కండి’ అని రికార్డు చేసిన గొంతు, వెనకాల గాలి చప్పుడు. అదీ కుదర్లేదు. ఊళ్లో చాలామందికి అసలు చెట్లే లేవు కాబట్టి, అక్కడ ఎక్కడం సాధ్యం కాదు కాబట్టి, ధర ఎదిగినట్టే లెక్క అని వాదించారు. చెట్టు లేనిచోట ఎక్కడమూ లేదు, ఎదుగుదలా లేదని మండలి తేల్చింది.

అప్పుడు ప్రధాన కార్యాలయం నుంచి మేధావులు దిగారు. చెట్టు లేని ప్రతి ఖాతాదారుడికీ కంపెనీయే చెట్టు ఇస్తుందని ప్రకటించారు. లారీల మీద కుండీలు దిగాయి. అన్నీ పొట్టి రకం, కాయ నడుమెత్తున కాస్తుంది. అపార్టుమెంటు మూడో అంతస్తు బాల్కనీల్లోకి లిఫ్టుల్లో ఎక్కించారు. టై కట్టుకున్న ఉద్యోగి వచ్చి, కుండీ అంచు మీద కాలుపెట్టి, మొదలు పట్టుకుని జానెడు పైకి లేచి, కాయను కన్నారా చూసి, మీ ధర ఎదిగిందండీ అని చెప్పి దిగి, సంతకం తీసుకుని పోయేవాడు. బాల్కనీలో బట్టలారేసుకునే చోటు పోయిందని గోల పెట్టినవాళ్లకు ‘మీ జీవితంలో పచ్చదనం’ అని కరపత్రం ఇచ్చారు. పై నెల బిల్లులో ‘వృక్ష నిర్వహణ రుసుము’ అని కొత్త వరస చేరింది. చెట్టు ఎదిగేకొద్దీ అది కూడా ఎదుగుతుందని కింద సన్నక్షరాలు.

నెలన్నరలో దాదాపు తొమ్మిదివేల ఇళ్లలోనూ ధర ఎదిగింది. ఊరు నన్ను తిట్టడం మొదలుపెట్టింది. అంతకుముందు బిల్లే ఉండేది, మీ పుణ్యాన ఇప్పుడు చెట్టుకు నీళ్లు కూడా పోస్తున్నాం రైటరు గారూ అని బజార్లో ఆపి మరీ దీవించారు. పక్క బల్ల రైటరు నా మీద పాట కట్టాడని విన్నాను. పాట బాగుందని కూడా విన్నాను.

మిగిలింది పేరిందేవి ఇల్లు. ఆవిడ పెరట్లో అత్తగారు నాటిన కొబ్బరిచెట్టు ఉంది. యాభై అయిదు అడుగులు, నడుమ కొద్దిగా వంపు. ‘అందున్న కొబ్బరిచెట్టు’ అని కాగితంలో ఉంది కనుక, అక్కడ ముందే చెట్టుంది కనుక, కుండీ చెల్లదని మండలి తేల్చింది. ఒక్క ఇల్లే గదా వదిలేయవచ్చని కౌశిక్ పైవాళ్లకు రాశాడట. ఒక ధర ఎదగకుండా ఉండిపోతే మిగతా ధరల మనోస్థైర్యం దెబ్బతింటుందని వాళ్లు జవాబు రాశారు. ఒకటో తారీకులోగా కౌశికే ఎక్కాలని గడువు పెట్టారు.

ఆరోహణకు అతనికి మూడువారాల శిక్షణ ఇచ్చినవాడు కడలి నూకరాజు. చుట్టుపక్కల నాలుగూళ్ల కొబ్బరి దింపు అతనిదే. మూడువారాల తరవాత అతను నాతో చెప్పింది ఇంతే, బాబు మంచోడేనండి, చెట్టుకే ఆయన నచ్చలేదు.

ఎక్కే రోజు ఉదయం పది గంటలకు మేమంతా పేరిందేవి పెరట్లో చేరాం. మండలి పరిశీలకుడు కుర్చీ వేసుకుని కాగితం పట్టుకున్నాడు. పద్దెనిమిది మంది ఆడవాళ్లూ నీడన చాప పరుచుకుని లేసు అల్లుతున్నారు. బెంగుళూరు పనిలో ఇంకా అరవై గుడ్డలు మిగిలాయి. కౌశిక్ పైకెళ్లి పన్నెండువందలు అన్నాడంటే వాళ్లలో సగంమంది ఇంటికి పోవలసిందే. అది చాప మీద కూర్చున్న అందరికీ తెలుసు.

ఎక్కేముందు కౌశిక్ ఒక జాగ్రత్త తీసుకున్నాడు. తాను దిగలేకపోతే పైకి వచ్చి దింపడానికి ఎంతవుతుందని నూకరాజును అడిగాడు. రెండువందల యాభై అన్నాడు నూకరాజు. కంపెనీ విధానం ప్రకారం బేరమాడి రెండువందలకు తెచ్చాడు. కాగితం రాసుకుందామా అని నావైపు చూశాడు. నోటిమాట చాల్లెండి అన్నాడు నూకరాజు.

కౌశిక్ ఎక్కాడు. ఎక్కలేదని చెప్పడానికి వీల్లేదు. కాళ్లకు తాడు వేసుకుని, మెడలో కార్డు వీపు మీదకు తిప్పుకుని, ముప్పై అడుగులదాకా బాగానే వెళ్లాడు. అక్కడ చెట్టు వంపు తిరుగుతుంది. వంపు దగ్గర కిందికి చూశాడు. చూడకూడదని నూకరాజు మూడువారాలు మొత్తుకున్నది దాని గురించే. చెట్టును కావలించుకుని, చెంప ఆనించి, కదలకుండా ఉండిపోయాడు. ఎర్రచీమలు అతని దగ్గరికి బయల్దేరాయి.

పేరిందేవి లేచి చెట్టు దగ్గరకు వెళ్లి తలెత్తింది. గొంతులో వెటకారం లేదు.

“కాయ కనబడుతోందా బాబూ?”

“లేదు మేడమ్.”

“అయితే ఇంకా పైకెళ్లాలి మరి. కన్నారా చూడాలని కాగితంలో ఉంది.”

పరిశీలకుడు కలం పట్టుకుని ఎదురుచూశాడు. ఆడవాళ్ల సూదులు ఆగిపోయాయి. గాలికి చెట్టు ఒక్కసారి ఊగింది.

“పాత ధరే అమ్మా,” అన్నాడు కౌశిక్.

“నలుగురికీ వినపడాలి బాబూ, కాస్త గట్టిగా.”

“పాత ధరే. రెండేళ్లూ పాత ధరే. ఇంక మార్చం.”

వీధి చివరిదాకా వినపడింది. పరిశీలకుడు అక్షరం పొల్లుపోకుండా రాసుకుని గడియారం చూసి టైము వేశాడు. చాప మీద ఒకావిడ కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది, పక్కావిడ నవ్వింది. పదకొండు కావస్తోందని పేరిందేవి ఫోను తెచ్చి గోడకు ఆనించి, అందర్నీ వరసలో కూర్చోమంది. నాకు కళ్లు చెమర్చాయి. నా పొరపాటు ఇంత బాగా ఉంటుందని నేననుకోలేదు.

నూకరాజు పైకి వెళ్లాడు. కౌశిక్‌ను తన నడుముకు తాడుతో కట్టుకుని, ఒక్కొక్క అడుగూ దింపుతూ వస్తుంటే, ఇరవై అడుగుల దగ్గర చెట్టు మళ్లీ ఊగింది. కౌశిక్ హడలిపోయాడు. ఎంతైనా ఇస్తాను, వెయ్యి ఇస్తాను, రెండువేలు ఇస్తాను, త్వరగా దింపమన్నాడు. కిందనున్న మేమంతా విన్నాం. ఆ క్షణంలో నూకరాజు అయిదువేలు అడిగినా, ఆ పూటకు ఆ మనిషి ఇచ్చేవాడే.

నూకరాజు తాడు సరిచేసుకుంటూనే జవాబిచ్చాడు.

“కింద రెండొందలని అనుకున్నాం గదండీ. చెట్టు మద్దెలో మాట మార్చేత్తే రేపు నన్నెవడు పిలుత్తాడండీ?”

దింపాడు. రెండువందలు తీసుకున్నాడు. చీమలు కుట్టినచోట సున్నం రాసుకోమని చెప్పి, ఇంకో తోటలో దింపుందని వెళ్లిపోయాడు.

ఆ మర్నాడు కౌశిక్ ప్రధాన కార్యాలయానికి పంపిన నివేదిక ప్రతి ఒకటి, మండలికి తెలుగులో ఇవ్వవలసి ఉన్నందున, తెలుగు సరిచూడమని నా బల్ల మీదకు వచ్చింది. మొదటి పేజీలో, సదరు ఇంటి ధర ‘తాత్కాలికంగా ఎత్తు కారణంగా ఎదగలేదు’ అని ఉంది. చివర సూచనల కింద ఇలా ఉంది. ‘ఈ ప్రాంతంలో చెట్లెక్కేవారికి మధ్యంతర అవకాశాల మీద ఏమాత్రం అవగాహన లేదని గమనించడమైనది. ఖాతాదారు మార్గమధ్యంలో, వేరే దిక్కులేని స్థితిలో ఉన్నప్పుడు కూడా వీరు మొదటి ధరకే సేవ అందిస్తున్నారు. వీరికి తక్షణం శిక్షణ అవసరం.’

అక్షరదోషాలేమీ లేవు. పొల్లులన్నీ సరిగ్గానే ఉన్నాయి. సంతకం పెట్టి పంపించాను.